అకితా కుక్క స్వభావాన్ని అర్థం చేసుకోవడం ఎలా?

హచికో అనే అకితా కుక్క కథ విన్నవాళ్లలో చాలామందికి వెంటనే ఒక అకితా పిల్లను తెచ్చుకోవాలనిపిస్తుంది. ఆ కథ నిజమే. 1923లో జపాన్‌లోని ఓదాతెలో పుట్టిన హచికో, టోక్యోలో తన యజమాని ఆచార్య ఉఎనో హిదెసబురో దగ్గర గడిపింది ఏడాదిన్నర లోపే. 1925 మే నెలలో ఆయన పోయాడు. 1935 మార్చిలో తాను చనిపోయే వరకు అది షిబుయా స్టేషన్ దగ్గర ఆయన కోసం చూస్తూనే ఉంది. బాగుంది. కానీ ఒక్క మనిషి కోసం పదేళ్లు కాచుకున్న కుక్క, గేటు తెరుచుకుని వచ్చే మీ బావమరిదిని ఎలా చూస్తుందో కూడా ఆలోచించాలి.

1. ముందు దాని చరిత్ర తెలుసుకోండి

అకితా అనేది హోన్షు ద్వీపం ఉత్తరాన, మంచు దట్టంగా కురిసే ఒక ప్రాంతం పేరు. అక్కడి కొండల్లో మతగి అనే వేటగాళ్లు ఎలుగుబంట్లను, అడవి పందులను వేటాడేవారు. వేటగాడు వచ్చేదాకా ఎలుగుబంటిని కదలకుండా నిలవరించడం కుక్క పని. ఆ క్షణాన చెప్పేవాడు పక్కన ఉండడు, ఏం చేయాలో అదే తేల్చుకోవాలి. ఈ జాతి మొండితనమంతా అక్కడినుంచే వచ్చిందని నా అభిప్రాయం.

తరవాత ఆ ప్రాంతంలోనే ఉన్న ఓదాతెలో కుక్కల పోట్లాట పందేలు సాగాయి. పందెం కోసం ఒళ్లు పెంచాలని తోసా అనే జపాన్ పందెం కుక్కలతోనూ, పాశ్చాత్య జాతులతోనూ సంకరం చేశారు. అసలు జాతి మాయమైపోతోందన్న బెంగతో 1927లో ఓదాతెలోనే పరిరక్షణ సంఘం పుట్టింది. 1931లో ప్రభుత్వం అకితాను సహజ స్మారకంగా, అంటే కాపాడుకోవాల్సిన ప్రకృతి సంపదగా ప్రకటించింది. అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చిపడింది. సైన్యానికి పనికొచ్చే జర్మన్ షెపర్డ్‌లు తప్ప మిగతా కుక్కలను చర్మాల కోసం పట్టుకుపోయారు. కొందరు తమ అకితాలను మారుమూల పల్లెల్లో దాచారు, ఇంకొందరు షెపర్డ్‌లతో సంకరం చేసి గండం గట్టెక్కించారు.

2. ఏ అకితానో అడగండి

యుద్ధం తరవాత అమెరికా సైనికులు వెంట తీసుకెళ్లినవి ఎక్కువగా ఆ సంకర రక్తంవే. అమెరికన్ అకితా వాటి సంతతి. తల వెడల్పు, ఒళ్లు బరువు, ముఖాన నల్ల ముసుగు ఉండవచ్చు. జపనీస్ అకితాది కొంచెం నక్క పోలిక. మగది సుమారు 67 సెంటీమీటర్ల ఎత్తుంటుంది, నల్ల ముసుగు ఉంటే జపాన్‌లో ఒప్పుకోరు.

3. శరీర భాష నేర్చుకోండి

అన్నిటికన్నా కష్టం ఇదే. మామూలు కుక్కకు కోపం వస్తే చెవులు నిక్కబొడుచుకుంటాయి, తోక పైకి లేస్తుంది, వీపు మీద వెంట్రుకలు లేస్తాయి. అకితా చెవులు ఎప్పుడూ నిటారుగానే ఉంటాయి. తోక ఎప్పుడూ వీపు మీదికి చుట్టుకునే ఉంటుంది. బొచ్చు ఎంత ఒత్తంటే వెంట్రుకలు లేచినా కనబడవు. పైగా అది అనవసరంగా మొరగదు. వీధిలో ఎదురుగా ఇంకో కుక్క వస్తున్నప్పుడు మీ అకితా నడక ఆపి, నోరు మూసి, చూపు తిప్పకుండా బిగుసుకుపోయిందంటే ‘ఎంత బుద్ధిమంతురాలో’ అని మురిసిపోకండి. వెంటనే పక్కకు తిప్పి నడవండి. ముఖ్యంగా ఆడదానికి ఆడది, మగదానికి మగది పడదు. పిల్లులను, కోళ్లను వేటగా చూడటం కూడా మామూలే.

4. చిన్నప్పుడే మనుషులకు అలవాటు చేయండి

మూడు నాలుగు నెలల వయసులోపే రకరకాల మనుషులను, చప్పుళ్లను, ఆటోలను చూపించండి. వచ్చినవాళ్లు దాన్ని ముద్దుచేయనక్కరలేదు, పట్టించుకోకుండా కూర్చుంటే చాలు. శిక్షణ అయిదు నిమిషాలకు మించవద్దు. ‘కూర్చో’ అంటే మొదటిసారి కూర్చుంటుంది, రెండోసారి కూర్చుంటుంది, మూడోసారి ‘ఇందాక చేశానుగా’ అన్నట్టు మీ ముఖంలోకి చూస్తుంది. కొడితే మాత్రం అంతే సంగతులు, నమ్మకం తిరిగి రాదు. మొదటిసారి కుక్కను పెంచేవాళ్లకు నేనైతే దీన్ని సిఫారసు చేయను.

5. వేడి గురించి నిజాయితీగా ఆలోచించండి

మంచు కోసం ఏర్పడిన రెండు పొరల బొచ్చు అది. విజయవాడ మే నెల ఎండలో ఏసీ లేకుండా దాన్ని ఉంచడం హింసే. నడక తెల్లవారకముందే ముగించండి. ఎండ అని బొచ్చు గొరిగించకండి, చర్మం నేరుగా ఎండకు కమిలిపోతుంది. ఏడాదికి రెండుసార్లు లోపలి పొర ఊడుతుంది. దువ్వెన ఒక్కసారి లాగితే దూది పింజల్లా గుప్పెడు వస్తుంది. వారాలపాటు రోజూ అదే పని.

6. కొనేముందు

తల్లి కుక్కను చూపించమనండి. తుంటి ఎక్స్‌రే, థైరాయిడ్ పరీక్ష ఫలితాలు అడగండి. ఈ జాతిలో రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటిమీదే దాడి చేసే జబ్బులు కనిపిస్తాయి. కళ్లు ఎర్రబడి, ముక్కు మీద రంగు పోతుంటే ఆ రోజే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి, ఆలస్యమైతే చూపు పోవచ్చు. 2024 మార్చిలో కేంద్రం నిషేధించాలని రాష్ట్రాలకు రాసిన జాతుల జాబితాలో అకితా కూడా ఉంది. ఆ ఉత్తర్వును ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు కొట్టేసింది. అయినా మీ ఊరి పురపాలక సంస్థ నిబంధనలు ఏమిటో కనుక్కున్నాకే డబ్బు కట్టండి.