లెవెల్ 1 పరీక్షకు ముందు వెడ్జ్ మలుపు కుదిరిన తీరు

అమెరికాలో స్కీయింగ్ (కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు తగిలించుకుని మంచు మీద జారే క్రీడ) శిక్షకులకు అర్హత ఇచ్చే పీఎస్ఐఏ అనే సంస్థ 1961లో ఏర్పడింది. దాని లెవెల్ 1 పరీక్షకు సిద్ధమవుతున్నప్పుడు నన్ను ఇబ్బంది పెట్టినది నిటారైన వాలు కాదు, కొత్తవారికి మొదట నేర్పే వెడ్జ్ మలుపే, అంటే స్కీల ముందు కొసలను దగ్గరగా, వెనుక కొసలను దూరంగా ఉంచి తిరగడమే. వేగంగా దిగేటప్పుడు కనిపించని లోపాలన్నీ నెమ్మదిగా చేసి చూపేటప్పుడు బయటపడతాయి. కాళ్లకు బదులు భుజాలు తిరిగేవి, మలుపు లోపలి వైపు ఉండే స్కీ అంచు మంచును పట్టుకుని మలుపును అడ్డుకునేది.

అందువల్ల పోల్స్ (చేతిలో పట్టుకునే ఊతకర్రలు) రెండింటినీ ఛాతీకి ఎదురుగా అడ్డంగా పట్టుకుని, అవి స్కీలతోపాటు తిరగకుండా చూసుకుంటూ, తుంటి కీలు దగ్గర కాలిని తిప్పడం ద్వారానే స్కీలను మళ్లించడం సాధన చేశాను. తరువాత మలుపు సాగుతున్నంతసేపూ బరువును బయటి స్కీ మీదికి చేర్చి, లోపలి స్కీ వెనుక కొసను కాస్త పైకెత్తి చూసుకునేవాణ్ణి. అది తేలికగా లేచిందంటే బరువు సరైన చోటికి చేరినట్టే, లేవకపోతే శరీరం లోపలికి ఒరిగిందన్నమాట. లోపలి స్కీని మంచు మీద మరికొంత చదునుగా ఉంచడంతో అంచు పట్టుకోవడం కూడా తగ్గింది.

పరీక్షలో బోధననూ, ఎదుటివారి కదలికల విశ్లేషణనూ చూస్తారు కనుక, ఇవే అభ్యాసాలను ఒక మిత్రునికి నేర్పుతూ, ప్రతి లోపానికీ కారణాన్ని ఒక్క వాక్యంలో చెప్పడం అలవాటు చేసుకున్నాను.