కుక్కను విదేశానికి తీసుకెళ్లాలంటే ముందు చిప్, తర్వాతే సూది

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ఒక పెట్ క్లినిక్‌లో సాయంత్రాలు కూర్చుంటాను. పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసంతా మునుగోడు, చండూరు, దేవరకొండ వైపు తిరుగుతూ గొర్లకు పీపీఆర్, బర్లకు గాలికుంటు టీకాలు వేయడంతోనే గడిచింది. కుక్కను విమానం ఎక్కించడానికి కాగితాలు చూసిపెట్టమని ఒకరోజు జనం నా దగ్గరికి వస్తారంటే అప్పట్లో నమ్మేవాణ్ణి కాదు. ఇప్పుడు పిల్లలు జర్మనీకో అమెరికాకో పోతున్నారు, కుక్క ఇక్కడ ఎవరి దగ్గరా ఉండనంటుంది. ఫోన్‌లో టికెట్ చూపిస్తూ "అంకుల్, వచ్చే నెల ఫ్లైట్, హెల్త్ సర్టిఫికెట్ రాయిస్తే చాలు కదా" అంటారు. టికెట్ సంగతి తర్వాత, ముందు టీకా కార్డు తీయమంటాను.

కార్డులో నేను చూసేది రెండే: మైక్రోచిప్ (కుక్కను గుర్తుపట్టడానికి చర్మం కింద వేసే చిన్న చిప్) నంబర్ ఉందా, రేబిస్ టీకా ఆ చిప్ వేసిన రోజుకు ముందుదా తర్వాతదా. మన దగ్గర చాలా కుక్కలకు ఏటా టీకా పడుతుంది గానీ చిప్ ఉండదు. ఐదేళ్లు వరసగా టీకాలు వేయించామని కార్డు చూపిస్తారు. మంచిదే, కానీ సరిహద్దులో అవేవీ లెక్కకు రావు. టీకా వేసింది ఈ కుక్కకే అని చెప్పడానికి ఆరోజు దాని ఒంట్లో నంబర్ లేదు కదా. అందుకే ముందు చిప్, తర్వాత టీకా. ఒకే రోజు రెండూ చేయించవచ్చు, చిప్ ముందు పడాలి, అంతే.

భూమి రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. లింక్ డాక్యుమెంట్లలో ఒక్కటి తెగినా ఆ తర్వాతి కాగితాలన్నీ అనుమానంలో పడతాయి. ఇక్కడ సర్వే నంబర్ స్థానంలో చిప్ నంబర్ ఉంటుంది. టీకా కార్డు, రక్త పరీక్ష రిపోర్టు, చివరి సర్టిఫికెట్, అన్నిటి మీదా అదే నంబర్ ఉండాలి.

చిప్ ఐఎస్ఓ 11784, 11785 ప్రమాణాలకు సరిపోవాలి, 15 అంకెల నంబర్ ఉండాలి. వేసే ముందు ప్యాకెట్ మీదే స్కానర్ పెట్టి నంబర్ చదివించండి. భుజాల మధ్య చర్మం కింద వేశాక మళ్లీ స్కాన్ చేయించి, తెర మీద అంకెలు మీరు కూడా చదవండి. ప్యాకెట్‌లో చిన్న బార్‌కోడ్ స్టిక్కర్లు వస్తాయి. వాటిని పారేయకండి. ఒకటి టీకా కార్డు మీద, ఒకటి రక్త నమూనా ఫారం మీద అంటించి, మిగిలినవి ఫైల్‌లో దాచుకోండి. పదిహేను అంకెలు చేత్తో రాస్తే 1 కాస్తా 7 అయిపోతుంది, 0 కాస్తా 6 అయిపోతుంది. చిప్ ఒక్కోసారి చర్మం కింద జారి పక్కటెముకల వైపు కూడా పోతుంది. స్కానర్‌కు దొరకలేదంటే కంగారు పడకుండా మెడ నుంచి కాళ్ల దాకా నెమ్మదిగా తిప్పమనండి.

టీకా వేసేటప్పుడు కుక్కకు కనీసం 12 వారాల వయసు ఉండాలి. సీసా మీది స్టిక్కర్‌ను, అంటే బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ ఉన్నదాన్ని, కార్డులో అంటించి, తేదీ వేసి, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్‌తో సహా ముద్ర కొట్టించుకోండి. తేదీ దిద్దితే ఆ పేజీ పనికిరాదనే అనుకోండి. తప్పు పడితే కొత్త కార్డు రాయించుకోవడమే మేలు.

ఇక యూరప్ సంగతి. మా మేనకోడలు జర్మనీ పోయేటప్పుడు మిర్యాలగూడ రైస్ మిల్లు దగ్గర దొరికిన ఊరకుక్కను తీసుకుపోయింది. దాని పేరు పులి. ఆ లెక్కే చెబుతాను. రేబిస్ విషయంలో యూరోపియన్ యూనియన్ ఒప్పుకున్న దేశాల జాబితాలో భారత్ లేదు. కాబట్టి టీకా ఒక్కటే చాలదు, రక్తంలో రేబిస్‌కు విరుగుడు తగినంత ఉందని పరీక్షలో తేలాలి. దీన్నే టైటర్ టెస్ట్ అంటారు. మిల్లీలీటరుకు 0.5 ఐయూ (అంతర్జాతీయ యూనిట్), లేదా అంతకన్నా ఎక్కువ రావాలి. టీకా వేసి కనీసం 30 రోజులు గడిచాకే రక్తం తీయాలి. తీసిన రోజు నుంచి మూడు నెలలు ఆగాలి. రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాదు, రక్తం తీసిన రోజు నుంచి. జూన్ 1న చిప్, టీకా అయితే, జూలై 2న రక్తం తీస్తే, అక్టోబర్ 2 తర్వాతే కుక్క యూరప్‌లో అడుగు పెట్టాలి. అంతా సాఫీగా జరిగినా నాలుగు నెలలు పడుతుంది. వచ్చే నెల ఫ్లైట్ అని వచ్చేవాళ్లకు ఇక్కడే టెన్షన్ మొదలవుతుంది.

మొదటిసారి టీకా వేసిన కుక్కల్లో కొన్నిటికి 0.5 రాదు. అందుకే చాలామంది డాక్టర్లు కొన్ని వారాల తేడాతో రెండో డోసు వేసి, దాని తర్వాత 30 రోజులు ఆగి రక్తం తీస్తారు. నా సలహా కూడా అదే. ఒక నెల ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ టైటర్ ఫెయిలయితే మళ్లీ టీకా, మళ్లీ ఎదురుచూపు, మళ్లీ మూడు నెలలు. వీసా చేతికొచ్చి కుక్క కాగితం రాకపోతే ఆ ఇంట్లో పరిస్థితి ఎలా ఉంటుందో నేను చూశాను.

రక్తం తీయడం గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన జిల్లాల్లో తిప్పలు ఇక్కడే. ముందు కాలి నరం నుంచి తీసి ఏ మందూ లేని మామూలు ట్యూబులో పోస్తారు. కాసేపు కదలకుండా ఉంచితే గడ్డ కడుతుంది, పైన తేలిన సీరమ్‌ను, అంటే రక్తంలోని నీటి భాగాన్ని, సెంట్రిఫ్యూజ్ అనే గిర్రున తిప్పే యంత్రంలో తిప్పి వేరు చేసి ఇంకో ట్యూబులోకి తీస్తారు. అది లేత పసుపు రంగులో ఉండాలి. గులాబీగా, ఎర్రగా కనిపిస్తే రక్తకణాలు పగిలాయన్నమాట, ల్యాబ్ తిప్పి పంపినా పంపుతుంది. నల్లగొండలోనో మహబూబ్‌నగర్‌లోనో రక్తం తీయించి, అలాగే ట్యూబు జేబులో వేసుకుని బస్సులో హైదరాబాద్ తీసుకుపోవడం అనే పని మాత్రం పెట్టుకోకండి. అందునా ఎండాకాలంలో అసలు వద్దు. సెంట్రిఫ్యూజ్ ఉన్న చోటే తీయించి, సీరమ్‌ను ఐస్ ప్యాక్‌ల మధ్య పంపండి. లేదా కుక్కనే హైదరాబాద్ తీసుకెళ్లి అక్కడ తీయించండి. పులి విషయంలో మేం ఈ రెండోదే చేశాం. మధ్యలో చౌటుప్పల్‌లో ఆపి నీళ్లు తాగించాం.

పరీక్ష ఎక్కడపడితే అక్కడ చేయిస్తే చెల్లదు. యూరోపియన్ కమిషన్ ఆమోదించిన ల్యాబ్‌ల జాబితా వాళ్ల వెబ్‌సైట్‌లోనే ఉంటుంది. అమెరికాలోని కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ ల్యాబ్ అందులో ఉన్నదే. "మా దగ్గర టైటర్ చేస్తాం" అని ఎవరన్నా అంటే, శాంపిల్ ఏ ల్యాబ్‌కు పోతుందో పేరు అడిగి, ఆ జాబితాలో మీరే వెతకండి. రిపోర్టు రాగానే చూడాల్సింది చిప్ నంబర్, రక్తం తీసిన తేదీ. ఫలితం ఆ తర్వాత.

ఒకసారి పాసయ్యాక, తర్వాతి టీకాలు గడువు దాటకుండా వేయిస్తూ పోతే ఆ రిపోర్టు యూరప్‌కు ఆ కుక్క బతికినంత కాలం పనికొస్తుంది. గడువు ఒక్క రోజు దాటినా మళ్లీ మొదటి టీకా కిందే లెక్క, రక్త పరీక్ష కూడా మళ్లీ చేయించాల్సిందే. టీకా గడువు తేదీని ఫోన్‌లో అలారం పెట్టుకోండి, గోడ క్యాలెండర్ మీద కూడా రాసుకోండి.

పేర్ల గొడవ ఒకటి చెప్పాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, టీకా కార్డు మీద మాత్రం "మేడమ్ గారి కుక్క" అన్నట్టు ముద్దుపేరు రాసి ఉంటుంది. కుక్కతో ఎవరు ప్రయాణిస్తున్నారో వాళ్లే యజమానిగా, పాస్‌పోర్టులో ఉన్నట్టే, అన్ని కాగితాల్లోనూ ఉండాలి. కార్డు మామయ్య పేరు మీద, ప్రయాణం కోడలిది అయితే ముందే మార్పించండి. జాతి కూడా అంతే. పులికి ఒక చోట లోకల్ అని, ఇంకో చోట మిక్స్ అని రాశారు, మూడో చోట ఏమీ రాయలేదు. ఊరకుక్క అయినందుకు ఎవరూ ఆపరు గానీ మూడు కాగితాల్లో మూడు రకాల కుక్క ఉండకూడదు. అన్నీ కూర్చుని ఒకటే చేయించాం. అదే పిట్‌బుల్, బుల్ టెరియర్ లాంటి జాతులైతే జర్మనీ రానివ్వదు. ఆ కుక్కలున్నవాళ్లు ఇక్కడే ఆగి ఆలోచించండి.

చివరి మెట్టు శంషాబాద్. కేంద్ర ప్రభుత్వపు యానిమల్ క్వారంటైన్ అండ్ సర్టిఫికేషన్ సర్వీసెస్ వాళ్ల ఆఫీసు అక్కడ ఉంది. జిల్లా పశువైద్యశాల సర్టిఫికెట్ ఎంత మంచి ముద్రతో ఉన్నా దాంతో దేశం దాటలేరు. అది ఈ ఆఫీసుకు చూపించడానికి పనికొస్తుంది. ముందే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోండి. పాస్‌పోర్టు, టికెట్, టీకా కార్డు, టైటర్ రిపోర్టు, డాక్టర్ ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ పట్టుకుని కుక్కతో పాటు వెళ్లాలి. యూరప్ సర్టిఫికెట్ అక్కడ దిగే రోజుకు ముందు 10 రోజుల లోపుదై ఉండాలి, కాబట్టి మరీ తొందరపడి ముందుగానే వెళ్లినా నష్టమే. మహబూబ్‌నగర్ వాళ్లకు శంషాబాద్ హైవే మీదే తగులుతుంది. మనం నల్లగొండ నుంచి పెద్ద అంబర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి తిరిగి రావాలి. పొద్దున్నే బయల్దేరండి.

సర్టిఫికెట్ చేతికొచ్చాక అక్కడే నిలబడి చదవండి. సంతకం, ముద్ర ప్రింట్ రంగులో కాకుండా వేరే రంగులో ఉండాలి, అందుకే నీలి సిరా. వర్తించని వాక్యాలు కొట్టేసి ఉన్నాయా, ప్రతి పేజీ మీద ముద్ర పడిందా చూడండి. ఇంటికొచ్చాక కనిపెడితే మళ్లీ వంద కిలోమీటర్లు. కుక్కతో పాటే ప్రయాణం చేయకపోతే, దానికి అటూ ఇటూ ఐదు రోజుల్లోపు యజమాని కూడా చేరాలని యూరప్ నిబంధన.

మిగతా దేశాలు క్లుప్తంగా. బ్రిటన్‌కు టైటర్, మూడు నెలలు ఇలాగే ఉంటాయి. దానికి తోడు అక్కడ దిగడానికి 24 గంటల నుంచి 120 గంటల ముందు బద్దెపురుగుల మందు డాక్టర్ చేతే వేయించి, టైం రాయించుకోవాలి. విమానంలో పెంపుడు కుక్క కార్గోగానే దిగాలి, మీ సీటు కింద కాదు. ఐర్లాండ్‌కు కూడా ఈ పురుగుల మందు తప్పదు. ఆస్ట్రేలియా మన దేశం నుంచి నేరుగా కుక్కను రానివ్వదు, ముందు వాళ్లు ఒప్పుకున్న ఇంకో దేశంలో నెలల తరబడి ఉంచాలి. దుబాయ్‌కి ముందు అక్కడి మంత్రిత్వ శాఖ ఇంపోర్ట్ పర్మిట్ కావాలి, ఆ తర్వాతే టికెట్.

అమెరికా నిబంధనలు 2024 ఆగస్టు 1 నుంచి మారాయి, అంతకుముందు వెళ్లినవాళ్ల అనుభవం ఇప్పుడు పనిచేయదు. కుక్కకు ఆరు నెలలు నిండాలి. అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ ఫారం ఆన్‌లైన్‌లో నింపాలి. టీకా, చిప్ వివరాలతో వాళ్లదే ఇంకో ఫారం ఉంది, దాన్ని డాక్టర్ నింపాక ప్రభుత్వ వెటర్నరీ అధికారి ధ్రువీకరించాలి. సీడీసీ ఆమోదించిన ల్యాబ్ టైటర్ ఉండాలి, రక్తం దిగే రోజుకు కనీసం 28 రోజుల ముందు తీసి ఉండాలి. టైటర్ లేకపోతే 28 రోజుల క్వారంటైన్, ఖర్చు మీదే. పైగా సీడీసీ దగ్గర రిజిస్టరైన యానిమల్ కేర్ సెంటర్ ఉన్న ఎయిర్‌పోర్టులోనే దిగాలి, అక్కడ ముందే బుకింగ్ చేసుకోవాలి. డల్లాస్‌లో మావాళ్లున్నారని డల్లాస్ టికెట్ తీసేయకండి. న్యూయార్క్, అట్లాంటా, లాస్ ఏంజెలెస్ లాంటి చోట్ల ముందు దిగాలి.

పాత తేదీతో టీకా రాయించి పెడతానని ఒక ఏజెంటు మా క్లినిక్‌కు వచ్చినవాళ్లతో అన్నాడు. అవతల దొరికితే కుక్కను తిప్పి పంపుతారు, లేదా మీ ఖర్చుతో క్వారంటైన్‌లో పెడతారు. రెండూ కుదరని చోట చంపేసే అధికారం కూడా యూరప్ చట్టంలో ఉంది. ఏజెంటు మాత్రం ఆరోజు ఎయిర్‌పోర్టులో మీ పక్కన ఉండడు.

బోను గురించి రెండు మాటలు. కుక్క నిలబడాలి, తిరగాలి, సాగిలపడి పడుకోవాలి, చెవులు పైకప్పుకు తగలకూడదు. నెల ముందే తెచ్చి ఇంట్లో పెట్టి, అందులోనే అన్నం పెట్టండి. మత్తుమందు మాత్రం వద్దు, విమానంలో ఊపిరి, రక్తపోటు దెబ్బతింటాయి, ఎయిర్‌లైన్స్ కూడా ఒప్పుకోవు. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలను చాలా ఎయిర్‌లైన్స్ అసలే ఎక్కించుకోవు. మన ఎండలకు ఏప్రిల్, మే వద్దు, తప్పకపోతే రాత్రి విమానమే చూసుకోండి.

ఒరిజినల్ కాగితాలు చేతి సంచిలో, జిరాక్సులు బోనుకు అంటించిన కవర్లో పెట్టండి. జర్మనీలో దిగాక కస్టమ్స్ దగ్గర ఆగి మీరే చూపించాలి, ఎవరూ అడగలేదని బయటికి నడవకూడదు. చిప్ స్కాన్ చేసి, కాగితం చూసి వదిలేస్తారు. ఊళ్లో చేరాక మున్సిపాలిటీలో కుక్కను నమోదు చేసి పన్ను కట్టాలి, అక్కడ కుక్కకు కూడా పన్నే. ఈ మాట విని మా అక్క "ఇంటి పన్ను కంటే ఎక్కువా తక్కువా?" అని అడిగింది. ఆ తర్వాత అక్కడి డాక్టర్ దగ్గర యూరోపియన్ పెట్ పాస్‌పోర్ట్ రాయించుకుంటే, యూరోపియన్ యూనియన్‌లో ఒక దేశం నుంచి ఇంకో దేశానికి ఆ చిన్న పుస్తకం చాలు, ఐర్లాండ్ లాంటి చోట్లకు మాత్రం పురుగుల మందు కూడా కావాలి. టైటర్ ఫలితం కూడా అందులో రాయించుకోండి, సెలవులకు ఇండియా వచ్చి తిరిగి పోవాలన్నప్పుడు అదే అడుగుతారు.