పంచాయతీ ట్యాంకు నీళ్లు ల్యాబులో పరీక్ష చేయించాలంటే

ఆర్‌ఓ ప్లాంటు దగ్గర పెన్నులాంటి మీటరు ముంచి, "చూశారా, టీడీఎస్ నూటయాభయ్యే" అంటారు. కరిగిన లవణాలు మొత్తం ఎన్నో ఆ మీటరు చెబుతుంది, అంతే. మురుగు కలిసిందో లేదో దానికి తెలియదు. అది తేలాలంటే ల్యాబుకే పంపాలి.

పల్లెల్లో ఈ పని గ్రామీణ నీటి సరఫరా శాఖది. ఆర్‌డబ్ల్యూఎస్ అంటే అందరికీ తెలుసు. తెలంగాణలో మిషన్ భగీరథ విభాగం చూస్తుంది. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ప్రభుత్వ నీటి పరీక్షా ల్యాబుల్లో మామూలు జనం కూడా కొద్దిపాటి రుసుముతో శాంపిల్ ఇవ్వొచ్చు. రేటు ముందే ల్యాబులో కనుక్కోండి.

దరఖాస్తుకు తెల్లకాగితం చాలు. పంచాయతీ కార్యదర్శికి గానీ మండల ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) గానీ ఇవ్వాలి. "మా ఊళ్లో నీళ్లు బాగాలేవు" అని రాస్తే ఆ కాగితం కదలదు. ఏ ట్యాంకు, ఏ బోరు, ఏ వీధి కుళాయి, రంగు మారిందా, వాసనా, ఎప్పటి నుంచి, ఎన్ని ఇళ్లలో విరేచనాలు, పైపు ఎక్కడైనా మురుగుకాలువలోంచి పోతోందా – ఇవన్నీ రాయండి. రసాయన పరీక్ష, బ్యాక్టీరియా పరీక్ష రెండూ కావాలని విడిగా అడగండి. రెండో కాపీ మీద ముట్టినట్టు సంతకం, తేదీ వేయించుకోవడం మరవొద్దు.

శాంపిల్ చివరి వీధి కుళాయి నుంచి కూడా తీయమనండి. ట్యాంకు దగ్గర క్లోరిన్ సరిపడా ఉన్నా అక్కడికి చేరేసరికి మిగలకపోవచ్చు. కనీసం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మిగలాలి.

మీరే పట్టుకెళ్తే అసలు తిప్పలు సీసాతోనే. రసాయన పరీక్షకు శుభ్రమైన ప్లాస్టిక్ క్యాను, అవే నీళ్లతో మూడుసార్లు కడిగి నింపితే సరి. బ్యాక్టీరియాకు మాత్రం ల్యాబువాళ్లిచ్చే స్టెరిలైజ్ చేసిన సీసానే వాడాలి. దాన్ని కడగొద్దు, లోపల క్లోరిన్‌ను విరిచే మందు ఉంటుంది. కుళాయి రెండు మూడు నిమిషాలు వదిలి, మూత లోపల వేలు తగలకుండా పట్టి, పైన కాస్త ఖాళీ ఉంచి, ఐసు పెట్టెలో అదే రోజు చేర్చండి. మధ్యాహ్నం దాకా బైకు డిక్కీలో మగ్గిన సీసా రిపోర్టును నమ్మలేం.

రిపోర్టులో ముందు ఈ-కోలి చూడండి, మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా అది. 100 మిల్లీలీటర్లలో ఒక్కటీ ఉండకూడదు. నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపుండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. నల్గొండ, ప్రకాశం వాళ్లకు ఈ పేరు కొత్త కాదు. మరిగిస్తే ఈ-కోలి చస్తుంది గానీ ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

తేడా కనిపిస్తే రిపోర్టు జతచేసి మళ్లీ ఏఈకి రాయండి. కదలిక లేకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ పెట్టండి, ముట్టినట్టు సంతకం పెట్టించుకున్న కాపీ అక్కడ పనికొస్తుంది. లీకు సరిచేసి క్లోరిన్ వేశాక అదే కుళాయి దగ్గర మళ్లీ శాంపిల్ తీయాలని అర్జీలోనే అడగండి.