చాలిస్ కోరల్‌ను ట్యాంకులో దించే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

చాలిస్ కోరల్ అంటే ఉప్పునీటి అక్వేరియంలో పెంచే, పళ్లెం ఆకారపు పగడపు జీవి. ముందుగా ట్యాంకు నీటిని పరీక్షించాలి. సాపేక్ష సాంద్రత (మంచినీటితో పోల్చిన సాంద్రత) 1.025–1.026, ఉష్ణోగ్రత 24–26 డిగ్రీల సెల్సియస్, క్షారత 8–9 డీకేహెచ్ (క్షారతను కొలిచే ప్రమాణం), కాల్షియం 400–450 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఇన్ని భాగాలు) ఉండటమే కాక, ఆ అంకెలు కొన్ని రోజులుగా నిలకడగా ఉన్నాయని తేలిన తరువాతే పని మొదలుపెట్టాలి.

చోటు ఎంపికలో తొందర పనికిరాదు. పగలంతా పళ్లెంలా కదలక మెదలక కనిపించే ఈ జీవి, రాత్రి లైట్లు ఆరాక సన్నని దారాల్లాంటి స్పర్శకాలను చాచి పక్కనున్న కోరల్‌ను కాల్చివేయగలదు కనుక, చుట్టూ కనీసం 15 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి; నా మటుకు నేను ఇంకాస్త ఎక్కువే వదులుతాను. తీవ్రమైన వెలుతురులో రంగు వెలిసిపోతుంది కాబట్టి, మొదట అడుగుభాగాన మసక వెలుతురు పడేచోట, మడ్డి నిలవకుండా కొద్దిగా ఏటవాలుగా అమర్చాలి.

చేతి తొడుగులు, కంటి రక్షణ అద్దాలు తప్పనిసరి.

కోరల్ ముక్కను దాని అడుగున ఉన్న రాయి దగ్గరే పట్టుకోవాలి. పదునైన అస్థిపంజరం మీద పలుచటి పొరలా పరుచుకున్న కండ వేలి ఒత్తిడికే చిరుగుతుంది, ఆ చిరుగు నుంచే కుళ్లు పాకవచ్చు. పురుగులను వదిలించే డిప్ ద్రావణాన్ని వేరే గిన్నెలో కలిపి, ముంచిన తరువాత మరో గిన్నెలోని ట్యాంకు నీటిలో కడిగి, అడుగువైపు పురుగుల గుడ్లేమైనా అంటుకొని ఉన్నాయేమో చూసుకోవాలి.