దేశాలు దాటిన వ్యాపారం – 5వ పాఠం: జపాన్‌లో మీటింగుకు ముందు జరిగే పని

పోయిన పాఠంలో జర్మన్లు మొహమాటం లేకుండా చేసే విమర్శను ఎలా తీసుకోవాలో చూశాం. ఈసారి పూర్తిగా అవతలి ఒడ్డుకు, జపాన్‌కు వెళ్దాం. తిరుపతి జిల్లా శ్రీసిటీలో జపాన్ కంపెనీలైన ఇసుజు, కోబెల్కో, డైకిన్ కర్మాగారాలు నడుస్తున్నాయి. అందుకని ఈ పాఠం టోక్యో విమానం ఎక్కేవాళ్ళకే కాదు, తడ దగ్గర బస్సు దిగి షిఫ్టుకు వెళ్ళేవాళ్ళకూ పనికొస్తుంది.

ముందు నా అనుభవం చెబుతాను. చాలా ఏళ్ళ కిందట నగోయాలో ఒక కంపెనీ ముందు మా విడిభాగాల ప్రతిపాదన పెట్టాను. ఎదురుగా తొమ్మిది మంది. నేను చెబుతున్నంతసేపూ "హాయ్, హాయ్" అంటూ తలలూపారు, శ్రద్ధగా రాసుకున్నారు. చివర్లో పెద్దాయన, తీసుకెళ్ళి పరిశీలిస్తాం అన్నారు. ఆ రాత్రే హైదరాబాదుకు ఫోన్ చేసి ఆర్డరు వచ్చినట్టే అని చెప్పేశాను. ఆరు వారాలు గడిచినా కబురు లేదు.

తప్పు వాళ్ళది కాదు. "హాయ్" అంటే అక్కడ చాలాసార్లు "వింటున్నాను" అనే అర్థం. మనం ఫోన్‌లో "ఆఁ... ఆఁ..." అంటుంటామే, అలాంటిది. అలా అన్నంతమాత్రాన అవతలివాళ్ళు చెప్పిన ధరకు ఒప్పుకున్నట్టా? "చొత్తో ముజుకషీ" అన్నారంటే మాటకు మాట "కొంచెం కష్టం", కానీ అర్థం మాత్రం "కుదరదు". పళ్ళ సందుల్లోంచి గాలి లోపలికి పీల్చి ఆగిపోయారంటే, అదీ దాదాపు అంతే. తెలుగువాళ్ళకు ఇది కొత్త విద్యేమీ కాదు. సంబంధం నచ్చకపోతే "జాతకాలు చూసుకుని కబురు చేస్తాం" అంటాం. చందా ఇవ్వడం ఇష్టం లేకపోతే "చూద్దాం లెండి" అంటాం. ఇలాంటి మాటలు ఇంట్లో ఇట్టే పట్టేస్తాం. ఇంగ్లీషులో వింటే మాత్రం ఉన్నది ఉన్నట్టు నమ్మేస్తాం.

ఇక అసలు పాఠం. దాని పేరు నెమవాషి. ఇది తోటపని మాట. "నె" అంటే వేరు, "మవాషి" అంటే చుట్టూ తిరగడం. పెద్ద చెట్టును ఇంకోచోటికి మార్చాలంటే ఒక్కసారిగా పెకలించరు. నెలల ముందే చుట్టూ తవ్వి, లావుపాటి వేళ్ళు కోసి, సన్నటి కొత్త వేళ్ళు పుట్టేదాకా ఆగుతారు. అప్పుడు మారిస్తే చెట్టు బతుకుతుంది.

ఆఫీసులోనూ అదే పద్ధతి. ఏదైనా ప్రతిపాదన మీటింగు దాకా రాకముందే, దానితో సంబంధం ఉన్న ప్రతి ఒక్కరి చెవినా విడివిడిగా వేస్తారు. అభ్యంతరం వింటారు, కాగితం మార్చుకుని మళ్ళీ వెళ్తారు. మీటింగు రోజున జరిగేది చాలావరకు ఆమోదముద్రే. పెద్దనాన్నకూ మేనమామకూ మాట చెప్పకుండా తాంబూలాలు పుచ్చుకుంటే ఏమవుతుందో మీకు తెలుసు. నగోయాలో నేను చేసింది సరిగ్గా అదే.

రెండోసారి వెళ్ళినప్పుడు మా ఫైలు చూసే కుర్ర ఇంజనీరు పక్కన కూర్చున్నాను. వాళ్ళ భాషలో అలాంటి ఉద్యోగిని తంతోషా అంటారు. అతను పెన్సిలుతో ఒక పెట్టె బొమ్మ గీసి, లోపల మా విడిభాగం గీసి, చుట్టూ చిన్న చిన్న చుక్కలు పెట్టాడు. వానాకాలంలో చెన్నై రేవు నుంచి ఓడలో వచ్చేటప్పుడు పెట్టెలోకి తేమ చేరితే తుప్పు పట్టదా అని అడిగాడు. మొదటిసారి నేను చూపించిన నలభై స్లయిడ్లలో దానికి జవాబు లేదు. వెనక్కి వచ్చి ప్యాకింగు మార్చాం, ఉప్పునీటి పరీక్ష ఫలితాలు పంపాం. తర్వాత నాణ్యత విభాగం, ఆ తర్వాత కొనుగోలు విభాగం. చివరి మీటింగు ఇరవై నిమిషాల్లో ముగిసింది.

ఇలా మాట కుదిరాక రింగిషో బయల్దేరుతుంది. కింది ఉద్యోగి రాసిన ఆ కాగితం విభాగాలు దాటుతూ పైకి వెళ్తుంది, ఒక్కొక్కరూ తమ పేరున్న హాంకో ముద్ర వేస్తారు. ఇప్పుడు చాలాచోట్ల ఇది కంప్యూటర్లోనే జరిగిపోతోంది. "పైవాణ్ణి పట్టుకుంటే పని అయిపోతుంది" అనే మన నమ్మకం ఇక్కడ చెల్లదు. తంతోషాను దాటి నేరుగా పై అధికారిని కలిస్తే ఆ తంతోషా పరువు తీసినట్టవుతుంది. నిర్ణయానికి వారాలు పడుతుంది, నిజమే. కానీ వచ్చాక అడ్డుచెప్పేవాళ్ళు ఉండరు కాబట్టి పని చకచకా సాగుతుంది. మధ్యలో మీరు ధరో గడువో మార్చారంటే తిరుగుడంతా మళ్ళీ మొదటికొస్తుంది.

విజిటింగు కార్డు సంగతి రెండు ముక్కల్లో. రెండు చేతులతో ఇచ్చి పుచ్చుకోండి, చదవండి, జేబులో కుక్కకండి. బల్ల మీద ముందు పెట్టుకోండి.

నాయకత్వం గురించి కూడా ఒక మాట. 1982లో మన మారుతికి జపాన్ కంపెనీ సుజుకీతో ఒప్పందం కుదిరి, 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కింది. గుర్‌గావ్ కర్మాగారంలో మేనేజరుకూ కార్మికుడికీ ఒకటే యూనిఫాం, ఒకటే క్యాంటీను. హోదాకు తగ్గ గదీ బల్లా అలవాటైన మన అధికారులకు అది చిన్న మార్పేమీ కాదు. మీ పై అధికారి జపనీయుడైతే ఇంకో అలవాటు కూడా చేసుకోవాలి, దాని పేరు హోరెన్సో. జరిగింది నివేదించడం, సంబంధించినవాళ్ళకు తెలియజేయడం, సందేహం వస్తే సంప్రదించడం. యంత్రం ఆగిపోతే "సాయంత్రానికి బాగుచేసి చెబుదాం" అనుకోకండి. ఆగిన వెంటనే చెప్పండి. నా దృష్టిలో మనవాళ్ళు అందరికంటే ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

ఈ వారం అభ్యాసం. మీ ఆఫీసులోనే నలుగురికి సంబంధించిన ఒక ప్రతిపాదన తీసుకోండి, షిఫ్టు వేళల మార్పయినా సరే. దాన్ని ఒకే పేజీలో రాయండి. నలుగురినీ విడివిడిగా కలిసి, "ఇందులో మీకు ఇబ్బంది ఎక్కడ?" అని మాత్రమే అడగండి. వాదించకండి, రాసుకోండి. పేజీని మార్చుకుని మళ్ళీ వెళ్ళండి. ఆ తర్వాతే మీటింగు పెట్టండి. అక్కడ ఎవరైనా కొత్త అభ్యంతరం లేవదీస్తే, దాని పక్కన వాళ్ళ పేరు రాసి పెట్టుకోండి. వచ్చే పాఠం ఆ కాగితంతోనే మొదలుపెడదాం.