మేత బయలులో ఉపగ్రహం లెక్కకు, టవర్ లెక్కకు పొత్తు కుదరనప్పుడు

గడ్డి కిరణజన్య సంయోగక్రియతో గాలి నుంచి పట్టుకునే మొత్తం కార్బన్‌ను జీపీపీ అంటారు. ఉపగ్రహ చిత్రాల నుంచి దాన్ని ఒక మోడల్ అంచనా వేస్తుంది. బయలులో నిలబెట్టిన టవర్ గాలికీ నేలకూ మధ్య కార్బన్ డయాక్సైడ్ రాకపోకలను కొలుస్తుంది, దాన్నుంచి జీపీపీ లెక్క తీస్తాం. ఈ రెండు లెక్కల మధ్య తేడా పట్టుకుని వచ్చేవాళ్లలో చాలామంది మొదట మోడల్‌నే తప్పుపడతారు. కాంతి వినియోగ సామర్థ్యం (అందిన కాంతిని గడ్డి కార్బన్‌గా మార్చే రేటు) విలువ మార్చాలా, వేరే పచ్చదనం సూచిక తీసుకోవాలా, మెషీన్ లెర్నింగ్ పెట్టాలా అని అడుగుతారు. యూనిట్లు చూశారా అంటే కాస్త చిన్నబుచ్చుకుంటారు. చిన్నబుచ్చుకున్నా సరే, ముందు అవి చూడండి.

తేడా ఏడాది పొడవునా ఒకే నిష్పత్తిలో ఉంటే

ఇది ప్రకృతి చేసిన పని కాదు, గుణకారంలో జరిగిన పొరపాటు. టెర్రా ఉపగ్రహం మీది మోడిస్ పరికరం నుంచి తయారయ్యే ఎంఓడీ17ఏ2హెచ్ డేటాలో ఉండేది రోజువారీ జీపీపీ కాదు, ఎనిమిది రోజుల మొత్తం. అదీ చదరపు మీటరుకు కిలోల కార్బన్‌లో, 0.0001తో గుణించాక. రోజు విలువ కోసం 8తో భాగించాలి. ఏడాది చివరి భాగంలో మాత్రం ఐదు రోజులే ఉంటాయి, లీపు సంవత్సరంలో ఆరు. 32761 నుంచి 32767 వరకు ఉన్న అంకెలు కొలతలు కావు, ఖాళీకి గుర్తులు. వాటిని సగటులో కలిపేసి ‘ఇక్కడ ఉత్పాదకత అద్భుతం’ అని రాసిన నివేదిక కూడా నా చేతికి వచ్చింది.

టవర్ వైపు సెకనుకు చదరపు మీటరుకు ఒక మైక్రోమోల్ ప్రవాహం రోజంతా సాగితే సుమారు 1.04 గ్రాముల కార్బన్. మీ తేడా సరిగ్గా 3.67 రెట్లు ఉంటే ఇంకేమీ వెతకకండి. ఒకచోట కార్బన్, మరోచోట కార్బన్ డయాక్సైడ్ లెక్కగట్టారు.

2022 జనవరి తర్వాత గడ్డి ఒక్కసారిగా వాడిపోయినట్టు కనిపిస్తే

కరవు రాలేదు. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాల ప్రాసెసింగ్‌లో ప్రతి అంకెకూ 1000 కలిపి ఇస్తున్నారు, దాన్ని మనం తీసేయాలి. ఎర్ర బ్యాండు 400, సమీప పరారుణ బ్యాండు 3000 ఉన్న పచ్చిక ఎన్‌డీవీఐ (ఈ రెండు బ్యాండ్ల నుంచి లెక్కగట్టే పచ్చదనం సూచిక) 0.76. తీసివేత మరిచిపోతే అదే పచ్చిక 0.48కి దిగుతుంది. పాత చిత్రాలను తిరిగి ప్రాసెస్ చేసి ఇచ్చినప్పుడు వాటిలోనూ ఈ 1000 ఉంటుంది కాబట్టి తేదీని నమ్ముకోకుండా మెటాడేటా తెరిచి చూడండి.

మంద ఉన్న వారాల్లోనే టవర్ జీపీపీ ఉపగ్రహం కన్నా పైకి పోతే

నన్ను కాల్చిన నిప్పు ఇదే. మూడు నెలలు ఉపగ్రహ మోడల్‌లోని గుణకాలను సవరిస్తూ కూర్చున్నాను. మేసిన గడ్డి చిగురించి జోరుగా కిరణజన్య సంయోగక్రియ చేస్తోందనీ, 500 మీటర్ల పిక్సెల్‌కు (ఉపగ్రహ చిత్రంలోని ఒక గడికి) అది అందడం లేదనీ ఒక ముచ్చటైన వివరణ కూడా సిద్ధం చేసుకున్నాను. నిజానికి టవర్ లెక్కలోకి ఎక్కింది ఆవుల ఊపిరి.

టవర్ నేరుగా జీపీపీని కొలవదు. నికర మార్పిడి ఎన్‌ఈఈని, అంటే గడ్డి తీసుకున్నది పోగా గాలిలోకి వెళ్లే కార్బన్ డయాక్సైడ్‌ను, కొలుస్తుంది. రాత్రి కిరణజన్య సంయోగక్రియ ఉండదు కనుక అప్పుడు వచ్చేదంతా నేల, గడ్డి విడిచే శ్వాసే అనుకుంటాం. ఆ రాత్రి విలువలకు ఉష్ణోగ్రతతో సంబంధం కట్టి, కొద్ది రోజుల చొప్పున సరిచూసుకుంటూ, పగటి శ్వాసను అంచనా వేస్తాం. అందులోంచి పగటి ఎన్‌ఈఈని తీసేస్తే జీపీపీ. ఈ వరుసలో పశువుకు ఎక్కడా చోటు లేదు. రాత్రి మంద టవర్ పక్కన పడుకుంటే దాని ఊపిరి నేల శ్వాస పద్దులో పడుతుంది. పగలు మంద దూరంగా మేస్తుంటే ఆ పెరిగిన శ్వాస పగటికి కూడా అంటుకుని లేని జీపీపీని పుట్టిస్తుంది. దినచర్య తిరగబడితే దోషమూ తిరగబడుతుంది. పగలు టవర్ దగ్గర, రాత్రి కొట్టంలో ఉండే మంద జీపీపీని తగ్గించి చూపిస్తుంది. రాత్రింబవళ్లు అక్కడే ఉంటే జీపీపీ దాదాపు సరిగ్గానే వస్తుంది, శ్వాస మాత్రం ఉబ్బుతుంది.

ఇది చిల్లర మొత్తం కాదు. ఒక పెద్ద పాడి ఆవు రోజుకు సుమారు 10 కిలోల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది అనుకోండి, అంటే 2.7 కిలోల కార్బన్. హెక్టారులో పది ఆవులుంటే రోజుకు చదరపు మీటరుకు 2.7 గ్రాములు. బాగా పెరుగుతున్న పచ్చిక శ్వాసతో పోల్చదగిన అంకె ఇది. పైగా మంద సమంగా పరుచుకోదు, నీళ్ల తొట్టి దగ్గర గుమిగూడుతుంది.

గాలి కలత చాలని రాత్రి కొలతలను తీసేసే యూ-స్టార్ వడపోత దీన్ని పట్టుకోదు. అది గాలి కలత చూస్తుంది, ఆవును చూడదు. రాత్రి గాలి నిలకడగా ఉన్నప్పుడు టవర్ ఫుట్‌ప్రింట్ (టవర్ కొలతలోకి వచ్చే నేల భాగం) పగటికన్నా బాగా దూరం సాగుతుంది కాబట్టి, మీ కంచె (కంచె వేసిన మేత ముక్క) ఖాళీగా ఉన్నా పక్క కంచెలోని మంద లెక్కలోకి రావచ్చు. నేను మోసపోయింది ఇక్కడే. తేడా కనిపించిన వారం మా కంచెలో ఒక్క పశువూ లేదు.

నిర్ధారించుకోవడానికి అరగంట చాలు. రాత్రి ఎన్‌ఈఈని ఉష్ణోగ్రతకు ఎదురుగా గీసి, మంద దగ్గరలో ఉన్న రోజులకు వేరే రంగు వేయండి. అదే ఉష్ణోగ్రత దగ్గర ఆ చుక్కలు గుంపుగా పైన తేలితే ఇక సందేహం లేదు. గాలి దిశ ప్రకారం విడదీసినా తొట్టి ఉన్న వైపు ఉబ్బు కనిపిస్తుంది. టవర్‌పై మీథేన్ పరికరం ఉంటే ఇంకా సులువు, నెమరువేసే మంద మీథేన్‌లో దొరికిపోతుంది.

సరిచేయడానికి కావలసింది పశువులు ఎప్పుడు ఏ కంచెలో ఉన్నాయో తెలిపే పుస్తకం. జీపీఎస్ పట్టీలుంటే మేలు, లేకపోతే కాపరి రాసుకున్న తేదీలైనా చాలు. పక్క కంచెల తేదీలు కూడా అడగండి. ప్రతి అరగంటకూ ఫుట్‌ప్రింట్ మోడల్ నడిపి కంచెల పటం మీద వేయండి. మంద పడిన అరగంటలను పక్కనపెట్టి, ఖాళీలు నింపి, శ్వాసను, జీపీపీని మళ్లీ విడదీయండి. పగటి కాంతి స్పందనతో విడదీసే పద్ధతిని కూడా ఒకసారి నడిపి చూడండి. రెండూ దగ్గరకు వస్తే మీరు దారిలో పడ్డట్టే.

ఒక హెచ్చరిక. ఇలా తీసేయడం ఉపగ్రహ జీపీపీతో పోల్చడానికే. బయలు మొత్తం కార్బన్ పద్దు రాసేటప్పుడు ఆ ఊపిరిని తిరిగి కలపాలి, అది మేసిన గడ్డిలోని కార్బనే కదా. మేత, పాలు, మాంసం, పేడ ద్వారా లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ కూడా అక్కడే చేరుతుంది.

ఈ పని చేశాక కూడా తేడా మిగిలితే పిక్సెల్ వైపు చూడండి. 500 మీటర్ల పిక్సెల్ నిజంగా సుమారు 463 మీటర్లది, దాదాపు 21 హెక్టార్లు. అందులో నిన్న మేసినదీ, నెల క్రితం మేసినదీ కలిసి ఉంటాయి. 10 మీటర్ల సెంటినెల్-2 విలువలను ఫుట్‌ప్రింట్ బరువులతో సగటు చేసి వాడండి.

కోసి తూచిన గడ్డి ఉపగ్రహ ఉత్పాదకతలో సగం కూడా లేకపోతే

మీరు తూచింది పెరిగిన గడ్డిని కాదు, పశువులు మిగిల్చిన గడ్డిని. వల బోనులు పెట్టి, ప్రతి కోత తర్వాత వాటిని మేసిన చోటికి మార్చుతూ, లోపలా బయటా తూచండి. బోను ఏడాదంతా ఒకేచోట ఉంచితే అది వేరే గడ్డి అవుతుంది. జీపీపీని తూకంతో నేరుగా పోల్చకండి, మధ్యలో మొక్క సొంత శ్వాస ఉంది, నేలలో వేర్లు ఉన్నాయి.

మేపిన తర్వాత ఎన్‌డీవీఐ తగ్గాల్సింది పెరిగితే

నిలబడి ఎండిన గడ్డి పోయి కింది చిగురు బయటపడింది. అది లోపం కాదు.

మిగతావి

భూ ఆవరణ పటంలో మీ బయలు పంటభూమిగా పడిందేమో ఒకసారి చూడండి, అలా పడితే మోడల్ వేరే గుణకాలు వాడుతుంది. పలుచని మేఘపు అంచులు చాలావరకు నాణ్యత గుర్తులతో పోతాయి. టెర్రా కక్ష్య జారుడు, చూపు కోణం తేడాలు ఉన్నాయి కానీ ఒక మేత కాలపు పోలికను అవి తలకిందులు చేయడం నేను చూడలేదు.