కంప్యూటర్ పాఠాలు – 6: షట్‌డౌన్ చేసినా అప్‌టైమ్ ఎందుకు ఆగట్లేదు?

పోయినసారి టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర అప్‌టైమ్, అంటే విండోస్ మొదలై ఎంతసేపైందో చూపే లెక్క, చూసి రాయమన్నాను. చాలామందికి ఒకటే టెన్షన్: "రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తున్నా తొమ్మిది రోజులు చూపిస్తోంది, మెషీన్ పాడైందా?" పాడవలేదు. ఈసారి స్లీప్ గురించి చెబుదామనుకున్నాను గానీ, ముందు ఈ చిక్కు తీరాలి.

2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. 10, 11లోనూ ఉంది. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ నొక్కినప్పుడు మీ ప్రోగ్రాములు మూసి సైన్ అవుట్ చేస్తుంది. కెర్నల్‌ను (విండోస్ గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్లను (వైఫై, ప్రింటర్ లాంటివాటిని నడిపే ప్రోగ్రాములు) మాత్రం మూయదు. అవి మెమరీలో ఎలా ఉన్నాయో అలాగే సి డ్రైవ్‌లో ఒక ఫైలుకి ఎక్కించి పవర్ తీసేస్తుంది. పొద్దున ఆ ఫైలు చదువుకుని లేస్తుంది కాబట్టే అంత తొందరగా ఆన్ అవుతుంది. కెర్నల్ కొత్తగా మొదలవలేదు, అందుకే అప్‌టైమ్ పాత లెక్కే.

రీస్టార్ట్ అలా కాదు, అన్నీ మూసి మొదటినుంచి మొదలుపెడుతుంది. అందుకే ఆలస్యం.

"వైఫై పోయింది, షట్‌డౌన్ చేసి ఆన్ చేశాను, అయినా అంతే" అనే మాట వింటే నాకు విసుగొస్తుంది. మొరాయించిన డ్రైవర్‌ను అదే స్థితిలో దాచి, మళ్లీ అదే తెచ్చుకున్నారు! బ్లూటూత్ దొరక్కపోయినా, సౌండ్ రాకపోయినా, ప్రింటర్ పలకకపోయినా నొక్కాల్సింది రీస్టార్ట్. పూర్తిగా ఆపెయ్యాలంటే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. పవర్ బటన్ అదిమిపట్టి చంపెయ్యడం దీనికి మందు కాదు. విండోస్ పక్కన లినక్స్ (ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్) పెట్టుకున్నవాళ్లకి అందులో సి డ్రైవ్ చదవడానికే తెరుచుకుని, రాయనివ్వకపోవడానికీ తరచుగా ఈ ఫాస్ట్ స్టార్టపే కారణం.

పాత హార్డ్‌డిస్క్ అయితే ఫాస్ట్ స్టార్టప్ ఉంచుకోండి, తేడా బాగా తెలుస్తుంది. ఎస్ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కన్నా వేగమైన డిస్క్) ఉంటే నేను ఫాస్ట్ స్టార్టప్ తీసేస్తాను, ఆ కొద్ది సెకన్ల కోసం ఇంత గందరగోళం అక్కర్లేదు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్‌లో పవర్ బటన్ల సెట్టింగ్ దగ్గర ఉంటుంది.

అభ్యాసం: మామూలు షట్‌డౌన్, షిఫ్ట్ షట్‌డౌన్, రీస్టార్ట్, హైబర్నేట్ (తెరిచిన ప్రోగ్రాములతో సహా అంతా డిస్క్‌లో దాచి పవర్ తీసేయడం) ఒక్కోటి చేసి ఆన్ చేయండి. ప్రతిసారీ ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ తనలో జరిగినవి రాసుకునే చిట్టా చూపే ప్రోగ్రాము) విండోస్ లాగ్స్, సిస్టమ్ తెరిచి, కెర్నల్-బూట్ రాసిన 27వ నంబరు ఈవెంట్ వెతకండి. బూట్ టైప్ చివరి అంకె 0 అయితే పూర్తి బూట్, 1 అయితే ఫాస్ట్ స్టార్టప్, 2 అయితే హైబర్నేట్. చూసేముందే ఏ అంకె వస్తుందో కాగితం మీద రాసిపెట్టుకోండి.